బొల్లిగాడి ఆరు ముద్దలు

అనగనగా ఒక రాజ్యం. రాజ్యమంటే మరీ పెద్దదేమీ కాదు. పొద్దున్నే బయల్దేరిన బాతు, దారిలో ఎక్కడా ఆగకపోతే, పొద్దుగూకేలోగా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచిపోగలదు. ఆ రాజ్యం పేరు జమ్ములదిబ్బ. దాన్ని ఏలే రాజు పేరు కుముదసేనుడు.

కుముదసేన మహారాజుకు బాతుగుడ్లంటే ప్రాణం. అందుకని కోట వెనక చిత్తడి నేలలో నూట ఇరవై తెల్లబాతులను పెంచేవారు. వాటిని కాసేది అంకమ్మ అనే ముసలమ్మ. ఆమెకు నా అన్నవాళ్లు ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక కుక్క. నల్లటి ఒంటి మీద అక్కడక్కడా తెల్లమచ్చలున్న ఆ కుక్కను ఆమె బొల్లిగాడని పిలిచేది.

పగలు బాతులను అంకమ్మ కాసేది. తెల్లవారగానే దడి తలుపు తీసి, వెదురుగడ పట్టుకుని, కోసిన వరిచేలలోకి వాటిని తోలుకుపోయేది. పొద్దు వాలాక మళ్లీ తోలుకొచ్చి, దడిలోపల పెట్టి తలుపు మూసేది. అక్కడి నుంచి బొల్లిగాడి వంతు. తెల్లవార్లూ వాడు దడి చుట్టూ తిరుగుతూ కాపలా కాసేవాడు. పక్కనే జమ్ముగడ్డిలో కాపురముండే నక్క ఒకటి ఏడేళ్లుగా ఆ దడి వంక చూసి గుటకలు మింగుతూనే ఉంది. ఏడేళ్లలో ఒక్క ఈకైనా దాని నోట పడలేదు.

బొల్లిగాడు ఏం తినేవాడు? అంకమ్మ ఏం పెడితే అది. ఎప్పుడు తినేవాడు? ఆమె ఎప్పుడు పెడితే అప్పుడు. దానికో లెక్క ఉందని ఆమెకే తెలియదు.

ఒకనాడు రాజుగారికి సంతోషం కలిగింది. రాజులకు సంతోషం కలిగినప్పుడు చుట్టుపక్కలవాళ్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి.

"ఏడేళ్లుగా ఒక్క బాతూ పోలేదు. ఆ కుక్కకు ఏదైనా మేలు చేయాలి. రేపటి నుంచి దానికి రోజుకు ఆరు రాగిముద్దలు మన వంటశాల నుంచే పంపండి," అన్నాడు.

వంటశాల పెద్ద వెంటనే అడిగాడు. "చిత్తం ప్రభూ. పొద్దున పంపమంటారా, సాయంత్రం పంపమంటారా?"

రాజు ఆలోచనలో పడ్డాడు. తంటా అంతా అక్కడే మొదలైంది. అంకమ్మను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. కానీ కొలువులో ముగ్గురు పెద్దలుండగా బాతులు కాసే మనిషిని అడగడమేమిటని ఆయనకు అనిపించింది.

మొదట వస్తాదు గండయ్య లేచాడు. మీసం దువ్వాడు.

"తిండి అంటే పొద్దున్నే తినాలి ప్రభూ. నన్ను చూడండి. పొద్దున్నే తింటాను కాబట్టే ఈ కండలు. ఆరు ముద్దలూ పొద్దున్నే పెట్టించండి."

అలాగే పెట్టారు. బొల్లిగాడు మొదటిరోజు ఆరు ముద్దలూ తిని, తోక ఊపి, పగలంతా హాయిగా పడుకున్నాడు. అంకమ్మ మురిసిపోయింది. నాలుగోనాటి ఉదయం దడి తలుపు తీసి బాతులను లెక్కపెడితే నూట పంతొమ్మిదే తేలాయి. జమ్ము పక్కన బురదలో తెల్ల ఈకలు పడి ఉన్నాయి. బొల్లిగాడి జాడ మాత్రం లేదు.

వెతగ్గా వెతగ్గా జాలరుల పడవల దగ్గర దొరికాడు.

నలభై ఏళ్లు మూగజీవాలతో మెలిగిన మనిషికి వాటి మాట కొంత తెలుస్తుంది. "ఏరా, కాపలా వదిలేసి ఎక్కడికి పోయావురా?" అని గదమాయించింది అంకమ్మ.

"ఆకలేసిందమ్మా," అన్నాడు బొల్లిగాడు తల దించుకుని. "పొద్దున తిన్నది పొద్దుగూకేసరికే అరిగిపోతోంది. పడవల దగ్గర చేపతలకాయల వాసన వచ్చింది. ఇలా వెళ్లి అలా వచ్చేద్దామనుకున్నాను."

సంగతి కొలువుకు చేరింది. ఈసారి కోట మేస్త్రి పాపన్న లేచాడు. అతనిది దుమ్ము కొట్టుకుపోయిన తలపాగా, గట్టి గొంతు.

"ఖాళీ కడుపుతో ఎవరైనా కాపలా కాస్తారా ప్రభూ? తిండి అంటే పొద్దుగూకాక తినాలి. నేను అలాగే తింటాను, రాయిలా ఉంటాను. ఆరూ సాయంత్రమే పెట్టించండి."

అలాగే పెట్టారు. మూడోనాటి ఉదయం అంకమ్మ వెళ్లేసరికి బొల్లిగాడు దడి తలుపుకు ఆనుకుని నిద్రపోతున్నాడు. వాడి పొట్ట నీళ్లు నింపిన తోలుతిత్తిలా ఉంది. వాడి మూతి మీదే ఒక తెల్ల ఈక వాలి, గురక పెట్టినప్పుడల్లా లేచి పడుతోంది. బాతులు నూట పద్దెనిమిది.

"ఇదేమిట్రా?" అంది అంకమ్మ, వాణ్ణి తట్టిలేపి.

"నక్క నా మీదుగానే దాటిపోయినట్టుందమ్మా. కల వస్తోందనుకున్నాను."

ఇక షావుకారు రత్నయ్య లేచాడు. ఆయన ఏ మాటనైనా తూచి తూచి మాట్లాడతాడని పేరు.

"వస్తాదుగారు ఒక అంచుకు పోయారు. మేస్త్రిగారు ఇంకో అంచుకు పోయారు. త్రాసు ముల్లు మధ్యలో నిలబడాలి ప్రభూ. పొద్దున మూడు, సాయంత్రం మూడు. నేను రెండు పూటలా సమంగా తింటాను. ఏ జబ్బూ లేదు."

కొలువంతా ఔనంది. చెప్పొద్దూ, స్తంభం పక్కన నిలబడిన అంకమ్మకు కూడా ఆ మాట నచ్చింది. సగం సగం అన్న మాటలో ఉండే అందమే అది. ఎవరికైనా న్యాయంగానే వినిపిస్తుంది.

ఐదోనాటి ఉదయానికి బాతులు నూట పదిహేడు.

ఈసారి అంకమ్మకు నిజంగానే కోపం వచ్చింది. వెదురుగడ ఎత్తింది. కొట్టబోయి, చేతులు రాక దించేసింది.

"ఇప్పుడేం వచ్చిందిరా నీకు? పొద్దునా పెట్టారు, సాయంత్రమూ పెట్టారు కదా!"

"రాత్రంతా తిరిగొచ్చిన ఒళ్లమ్మా. పొద్దుటి మూడు ముద్దలతో కడుపు నిండక నిద్ర పట్టడం లేదు. పగలంతా వంటశాల వెనక ఎంగిలాకుల కోసం తిరుగుతున్నాను. సాయంత్రం మూడు ముద్దలు పడగానే ఆ బరువూ, నిద్రా కలిసి ముంచుకొస్తున్నాయి."

"అలాంటప్పుడు సాయంత్రం కొంచెం తిని ఊరుకోవచ్చు కదరా!"

బొల్లిగాడు ఆమె వంక వింతగా చూశాడు. "ముద్ద ఎదురుగా ఉంటే తినకుండా ఊరుకున్న కుక్కను నువ్వెప్పుడైనా చూశావా అమ్మా? తినడం నా వంతు. లెక్క చూడటం పెట్టేవాళ్ల వంతు."

కొలువులో ముగ్గురు పెద్దలూ మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు. కుక్కే చెడిపోయిందన్నారు. తమ సలహాలో తప్పుందేమోనని ఒక్కరూ అనలేదు. రాజుగారి పళ్లెంలో ఆ పూట ఒక గుడ్డు తగ్గింది కూడా. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని ఇలా అన్నాడు:

"కొండ కింద పెట్టిన పులిబోనుకు ఎర కావాలని వేటగాళ్లు అడుగుతున్నారు. ఎల్లుండి ఆ కుక్కను వాళ్లకు అప్పగించండి."

అంకమ్మ ఏదో అనబోయింది. కానీ చేతులు జోడించి ఇంటిదారి పట్టింది. దారి పొడుగునా ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆమె వెనకే బొల్లిగాడు, తన మీద ఏ తీర్పు పడిందో తెలియక, తోక ఊపుకుంటూ నడిచాడు.

ఆ సాయంత్రం బాతులను దడిలో పెట్టి, కాళ్లు కడుక్కుని, అంకమ్మ కంచం ముందు కూర్చుంది. ఎండలో రోజంతా తిరిగిన మనిషి. దుఃఖం దుఃఖమే, ఆకలి ఆకలే. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటూ ఎదురుగా చూసింది.

ఆమె కూర్చోగానే బొల్లిగాడు లేచాడు. ఒళ్లు విరుచుకున్నాడు. చెవులు నిక్కించి దడి వైపు బయల్దేరాడు.

ముద్ద ఆమె చేతిలోనే ఆగిపోయింది. నా పని అయిపోయింది, వాడి పని మొదలవుతోంది, అనుకుంది. నేను పొద్దున చేలోకి పోయేముందు ఏం తింటాను? గంజి తాగుతాను, అంతే. కడుపు నిండా తింటే బాతుల వెనక పరుగెత్తలేను. అసలు తాగకపోతే కళ్లు తిరుగుతాయి. పని ముగిశాకే కదా ఇలా తీరిగ్గా కూర్చుని తినేది!

అప్పుడు ఆమెకు వెనకటి రోజులు గుర్తొచ్చాయి. ఆరు ముద్దల వరం రాకముందు, సాయంత్రం తన కంచంలోంచి ఓ రెండు ముద్దలు తీసి వాడికి పెట్టేది. పొద్దున్నే కుండలో మిగిలిందంతా ఊడ్చి వాడి చిప్పలో వేసేది. ఏడేళ్లు అలాగే గడిచింది. అదొక పద్ధతని ఆమె ఏనాడూ అనుకోలేదు.

మర్నాడు కొలువు తీరీ తీరకముందే అంకమ్మ వెళ్లి నిలబడింది.

"ఏలినవారు మన్నించాలి. పెద్దలను తలా ఒక మాట అడగనిస్తే, ఆ తర్వాత కుక్కను నేనే తీసుకెళ్లి వేటగాళ్లకు ఇస్తాను."

"అడుగు," అన్నాడు రాజు.

"గండయ్యబాబూ, తమరు కసరత్తు ఎప్పుడు చేస్తారు?"

"ఇంకెప్పుడు? తెల్లవారుజామునే."

"తిన్నాక చేస్తారా, తినకముందు చేస్తారా?"

వస్తాదు పెద్దగా నవ్వాడు. "తిని బస్కీలు తీస్తే కక్కుకోనా అవ్వా! చేశాకే తింటాను."

"పాపన్నబాబూ, మరి తమరు?"

"పగలంతా రాళ్ల దగ్గరే ఉంటాను. పొద్దుగూకి పనివాళ్లు వెళ్లాక గానీ కంచం ముందు కూర్చోను," అన్నాడు మేస్త్రి.

"రత్నయ్యబాబూ?"

"పొద్దున ఒక బేరం, సాయంత్రం ఒక బేరం. ఏ పూట బేరం ముగిశాక ఆ పూట తింటాను," అన్నాడు షావుకారు. అంటూ అంటూనే ఆయనకు విషయం కొంచెం అర్థమైంది కాబోలు, ఉత్తరీయం సర్దుకున్నాడు.

అంకమ్మ రాజు వైపు తిరిగింది. "విన్నారు కదా మహారాజా. ముగ్గురూ పని ముగించుకునే కడుపు నిండా తింటారు. కానీ నా బొల్లిగాడికి మాత్రం ఎవరి వేళకు వాళ్లు పెట్టించారు. వాడి పని ఎప్పుడో ఒక్కరూ అడగలేదు. మొదట నేనూ అడగలేదు. వాడికి పొద్దుగూకితే పని మొదలు, తెల్లవారితే పని ముగింపు. కాబట్టి తెల్లవారాకే వాడికి నిండుగా పెట్టాలి."

రాజు కనుబొమలు ముడిచాడు. "అలాగైతే వస్తాదు చెప్పినట్టు ఆరూ పొద్దున్నే పెట్టాలి కదా? అప్పుడు పడవల దగ్గరికి పోయాడే!"

"పనికి వెళ్లే ప్రాణికి ఆధారం ఉండాలి మహారాజా. నేను తాగే గంజి అంత. సాయంత్రం రెండు ముద్దలు పెడితే ఆకలి వాణ్ణి పడవల వైపు లాగదు, బరువు పడుకోబెట్టదు. పొద్దున నాలుగు పెడితే పగలంతా నిద్రపోతాడు. మూడు రోజులు గడువివ్వండి. ఒక్క బాతు తగ్గినా వాడితోపాటు నన్నూ ఆ బోను దగ్గరికి పంపండి."

రాజు మూడు రోజులు ఇచ్చాడు.

మొదటి ఉదయం బాతులు నూట పదిహేడు. రెండో ఉదయం బాతులు నూట పదిహేడు. నక్క కాళ్లగుర్తులు దడి దాకా వచ్చి, అక్కడ గిర్రున తిరిగి, జమ్ములోకి పరుగెత్తినట్టు బురదలో కనిపించాయి.

మూడో ఉదయం రాజుగారే స్వయంగా వచ్చాడు. తెలతెలవారుతోంది. అంకమ్మ ఆయనను ఆగమని సైగ చేసింది. జమ్ములోంచి నక్క గొంతు వినిపిస్తోంది. రాజుగారికి అది ఉత్త ఊళలాగే ఉంది గానీ, అంకమ్మకు మాటలు తెలుస్తున్నాయి.

"ఒరే బొల్లిగా, నీకు ముద్దలు మానేశారా ఏమిటి?"

"లేదే. రెండు పెడుతున్నారు."

"ఎప్పుడు?"

"నువ్వు రాకముందు."

"మరి మిగతా నాలుగు?"

"నువ్వు పోయాక."

"ఎవరో లెక్క తెలిసినవాళ్లే పెడుతున్నారు. ఇక ఇక్కడ నా పప్పులుడకవు," అని గొణుక్కుంటూ నక్క జమ్ము చీల్చుకుని వెళ్లిపోయింది.

అంకమ్మ దడి తలుపు తీసింది. రాజుగారు ఒక్కొక్క బాతునూ తానే లెక్కపెట్టుకున్నాడు. సరిగ్గా నూట పదిహేడు. "బోను మాట మరిచిపో అంకమ్మా," అన్నాడు. అంకమ్మ కూలబడి బొల్లిగాడి మెడ పట్టుకుని ఏడ్చింది. వాడు మాత్రం ఆమె భుజం మీదుగా చిప్ప వంకే చూస్తున్నాడు.

రాజుగారు వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు. "ఇంతకీ నేను ఎప్పుడు తినాలంటావు?"

"తమరు పనెప్పుడు చేస్తారో సెలవిస్తే చెప్తాను మహారాజా," అంది అంకమ్మ, చిప్పలో నాలుగో ముద్ద వేస్తూ.

రాజు కోటకు వెళ్లి, ఆ రోజు కొలువు ముగిసేదాకా గుడ్లు తెమ్మనలేదట.

బాతులు చేలోకి, బొల్లిగాడు నిద్రలోకి, కథ మీ చెవిలోకి.

ఒకరికి పెట్టేటప్పుడు మన ఆకలితో కొలవకూడదు. వాళ్ల పని చూసి పెట్టాలి.