ముళ్ళు తీసిన పుణ్యం

ఒంటె మెడ మీరు చూసే ఉంటారు. కానీ ఈ ఒంటె మెడ చూసుండరు. పొద్దున మింగిన మేత పొద్దుగుంకితేగాని పొట్టకి చేరేది కాదు. మధ్యలో దారి తప్పిందేమోనని ఒంటె తల తిప్పి చూసుకునేది. నమ్మకపోతే అదుండే దొడ్లో కోళ్ళనడగండి.

దాని పేరు భూరీ. ఊరూరా పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే మందలోది. కాలు బెణికితే మందవాళ్ళు మాచర్ల దగ్గర ఒక గొడ్ల దొడ్లో వదిలేసి పోయారు. మళ్ళొస్తామన్నారు. భూరీ రోజూ ఆ దారెంట మెడ చాచి చూసేది. అంత మెడకీ వాళ్ళు అందలా.

దొడ్డికి పెద్ద మల్లక్క అనే గేదె. మంచిదే. ఎవరికి కష్టమొచ్చినా ముందుంటది. కాకపోతే దానికి తెలిసిన మందు ఒక్కటే, కుడితి. జ్వరానికీ కుడితే, దెబ్బకీ కుడితే, దిగులుకీ కుడితే.

"తాగు పిల్లా! తాగితే మీ అమ్మ కూడా గుర్తుకు రాదు."

"అది కాదత్తా, మా వైపు..."

"మాట్లాడమాకు, నీరసమొస్తది!" అని మూతి పట్టుకుని తొట్లో కుక్కేది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మల్లక్క అడక్కుండా పెట్టి చంపుతోంది. కుడితి వాసనకే భూరీ మూతి తిప్పుకునేది. మూడు రోజులకి మూపురం గాలి తీసిన బంతిలా వాలిపోయింది.

దొడ్డి చుట్టూ కొత్తగా కొట్టిన పచ్చి తుమ్మకంప వేసుంది. నాలుగోనాడు భూరీ అందులోకి మూతి దూర్చి, వాళ్ళ ఇసక నేలలో తిన్నట్టే ఒక కొమ్మ అందుకుంది. ఇంకా నమలనన్నా లేదు, మల్లక్క చూసింది.

"ఓరి నాయనో! ముళ్ళు మింగి ప్రాణం తీసుకుంటంది! ఎడ్లూ, లెగవండ్రా!"

కంప అవతల గుంటనక్క నిలబడి ఉంది. ఆ దొడ్డి కోళ్ళ మీద దానికి ఏడాదిగా కన్ను, కంపే అడ్డం.

"అత్తా, నీది వెన్నలాంటి మనసు," అంది నక్క. "ఒక్క ముల్లు కూడా ఉంచమాకు. పరాయి పిల్ల, దానికేమన్నా అయితే మాట నీకే."

ఆ పొగడ్తకి మల్లక్క మరో గేదెంత ఉబ్బింది. ఎడ్లు కంపంతా కొమ్ములతో పీకి దొడ్డి పక్క వాగవతల పారేశాయి. తన అన్నం తన కళ్ళముందే పోతుంటే భూరీ చూస్తా కూర్చుంది. చుట్టూ అందరూ తనకోసమే పరిగెడుతున్నారు. ఇంత ఒంటరితనం దానికి ఇసక ఎడారిలో కూడా తెలవలా.

పొద్దుగుంకింది. పుణ్యం చేశామని గొడ్లన్నీ హాయిగా కునుకు తీస్తున్నాయి. నక్క పెళ్ళికొచ్చినట్టు నడిచొచ్చింది.

"ఏమ్మా, ఆకలా? ముళ్ళే మీ అన్నమని నాకు తెలుసులే. మీ మంద మకాం వేసిన చోట నక్కి చూశా."

భూరీకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఇంత దొడ్లో తన సంగతి తెలిసింది ఒక్క దొంగకే!

"ఆ ముక్క కాస్త గట్టిగా చెప్పు మామా. మా ఊసు విని ఎన్నాళ్ళైందో."

నక్క రొమ్ము విరుచుకుని గొంతు పెంచింది. "తుమ్మకంప మీకు పాయసం! ఈ మొద్దు గేదెకేం తెలుసు? నేను ఒక్క మాట ఊదానో లేదో, కంపంతా పీకించింది!"

మల్లక్క చెవులు నిక్కాయి. నక్క లగెత్తింది. భూరీ కూర్చున్న చోటునుంచి లెగవలా, మెడ మాత్రం చాచింది. దొడ్డి ఆ చివర నక్క తోక నోటికి దొరికింది. మల్లక్క తన్నిన తన్నుకి నక్క వాగు దాటి ఆ కంపలోనే పడింది. ఇప్పటికీ ముళ్ళు పీక్కుంటానే ఉంది.

"నాకు చెప్పొచ్చుగా పిల్లా?" అంది మల్లక్క.

"నువ్వు అడగలా అత్తా. తాగమన్నావు."

మల్లక్క ఈసారి ఎడ్లని లేపలా. తనే వాగు దాటి వెళ్ళి ఒక కొమ్మ ఈడ్చుకొచ్చింది. మూతంతా గీరుకుపోయింది. కొమ్మ ముందు పెట్టి, పక్కనే కూలబడింది.

"మీ ఊళ్ళో ఇంకా ఏముంటదే?"

భూరీ దారి వైపు ఒకసారి చూసి, తుమ్మకొమ్మ నమిలి మింగింది. అది పొట్టకి చేరేలోపు చెప్పటానికి బోలెడుంది.

పెట్టే చెయ్యి కన్నా ముందు అడిగే నోరు లెగవాలి.