ఖాళీ గడల సమ్మతి

ఆ కొండల మీద కొండకొక్క ఇల్లే ఉండేది. ఒక ఇంటివారి ముఖం మరొక ఇంటివారు ఎరుగరు. నడుమ లోయలు లోతైనవి. ఉన్న దారులన్నీ దిగువ మైదానానికే పోయేవి. అయినా తామంతా ఒక్క ఊరివాళ్లమేనని వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని నిలిపినవి రెండే. ఒకటి, నడికొండ మీద నిలబడి ఒకరి మాట అందరికీ వినిపించే చాటింపువాడి గొంతు. రెండోది, ప్రతి శిఖరాన పాతిన వెదురుగడ.

ఏదైనా తేల్చవలసి వస్తే చాటింపువాడు పొద్దున్నే ప్రశ్న వేసేవాడు. ఔననేవారు గడకు పసుపు గుడ్డ ఎగరేసేవారు, కాదనేవారు నల్ల గుడ్డ. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఏ రంగు ఎక్కువో చూసి అతడు తీర్పు చాటేవాడు. తనకు గడ లేదు. చాటేవాడు ఏ పక్షమూ వహించరాదని కట్టుబాటు.

చిక్కు ఖాళీ గడలతో వచ్చింది. సగానికి మించి గడలు పలికితేనే తీర్పు చెల్లుతుందని పాత నియమం. ఊటకాలువ పూడిక తీయాలా అని అడిగిన ఏడు, పనికి బద్ధకించిన వారు ఒక కిటుకు కనిపెట్టారు. నల్ల గుడ్డ ఎగరేస్తే ఓడిపోవచ్చు. ఏదీ ఎగరేయకుంటే ప్రశ్నే చచ్చిపోతుంది. అలాగే చచ్చింది. వానలు వచ్చి పోయాయి. కాలువలో తుంగ మొలిచింది.

అప్పుడు అందరూ తూర్పుకొండ పెద్దాయన వైపు చూశారు. ఆయన చదువుకున్నవాడు, తొందరపడి మాట్లాడనివాడు. ఆయన గడకు ఏ రంగు ఎక్కితే చాలా గడలకు ఆ రంగే ఎక్కేది.

"బూడిదరంగు గుడ్డ ఒకటి పెట్టుకుందాం," అని ఎవరో సూచించారు. "నేనున్నాను, కానీ ఎటూ చెప్పలేను అనేవాళ్లకి."

గాలికొండాయన పకపక నవ్వాడు. "ఏమీ చెప్పనని చెప్పడానికి శిఖరం ఎక్కాలా? ఆ ఓపికే ఉంటే ఏదో ఒకటి చెప్పేసి దిగొస్తాంగా!"

ఆ నవ్వును చాటింపువాడు కొండకొండకూ అందించాడు. పెద్దాయన కూడా చిరునవ్వు నవ్వాడు. తరువాత ఎంతో ఆలోచించి రెండు నియమాలు కూర్చాడు. గుడ్డ ఎగరేయనివారు, ఎక్కువమంది ఎటుంటే అటు ఉన్నట్టే. ఏదో ఒక్క ఇంటివారిని గురించిన ప్రశ్నయితే, ఆ రోజు వారు గుడ్డ ఎగరేయరాదు.

కొండలు ఒప్పుకున్నాయి. ఆ ఏడే కాలువ బాగుపడింది. కాలువ పారుతున్నంతకాలం ఆ నియమాలలో లోపం ఉంటుందని పెద్దాయనకు తోచలేదు.

తోచింది పక్కకొండ తప్పెటమ్మకు. ఆవిడ కొండ పొట్టిది. పెద్దాయన కొండ నుంచి చూస్తే చెట్ల పైకి లేచిన గడల కొనలు మాత్రమే కనబడేవి. ఆవిడ వాకిట్లోంచి చూస్తే వాటి కింది ఇళ్లు, పెరళ్లు, పొయ్యిపొగలు కనబడేవి. రెండు కొండల మధ్య లోయ ఇరుకైనది కనుక చాటింపువాడి సాయం లేకుండానే వారిద్దరూ పలకరించుకునేవారు. ఒంటరివాడైన పెద్దాయన రోజు మొత్తంలో నవ్వేది ఆ కాసేపే.

"పెద్దాయనా! లేచావా, ఇంకా నియమాలు కలగంటున్నావా?"

"నువ్వు లేచాక ఇంకెవరు పడుకోగలరమ్మా?"

"పాలకొండ వాళ్లు మూటలు కట్టుకుని కిందికి దిగిపోయారయ్యా, గొడ్లతో సహా. గుడ్డ ఎగరేసినా ఎగరేయకున్నా ఒకటేనటగా, ఇంక ఇక్కడ దేనికి అనుకున్నారేమో. నిన్న వాళ్ల ఖాళీ గడనేమో మీ చాటింపువాడు సమ్మతి కింద లెక్కేశాడు."

"ఆ సంగతి ఒక ప్రశ్నగా పంపించు. విచారిద్దాం."

"ఇది ప్రశ్న కాదయ్యా, కబురు. కబురుకి ఏ రంగు గుడ్డ కట్టమంటావు?"

ఆ మాటతోనే ఆవిడ తప్పెట అందుకుంది. ఒక ఇల్లు ఖాళీ అయిన ప్రతిసారీ ఆవిడ తప్పెట మోగేది. ఆ మోత క్రమంగా ఎక్కువైంది.

గాలికొండాయనకు అది గిట్టలేదు. "మధ్యాహ్నం కునుకు తీసే యోగం కూడా లేదా మాకు? చెప్పేదేదో గుడ్డతో చెప్పాలి గానీ, ఈ గోలేమిటి?" అన్నాడు. తప్పెటమ్మ గడ పీకివేయాలనీ, ఆపైన ఆవిడ పిలిస్తే ఎవరూ పలకరాదనీ ప్రశ్న పంపాడు.

ఆ పొద్దు పెద్దాయన నల్ల గుడ్డ చేతికి తీసుకుని శిఖరం ఎక్కాడు. ఎక్కాక సందేహించాడు. ఆవిడ తన పొరుగుది, తనకు ఆప్తురాలు. తాను నల్ల గుడ్డ కడితే పక్షపాతం అంటారు. నియమం కూర్చినవాడే పక్షపాతి అయితే నియమానికి గౌరవం ఏముంటుంది?

"ఏం కడుతున్నావు పెద్దాయనా?" అని అటునుంచి కేక వచ్చింది.

"ఇందులో నేను కల్పించుకోకూడదమ్మా. నువ్వు నాకు కావలసినదానివి."

"కావలసినదాన్ని గనకే కల్పించుకోవాలయ్యా! రేపు పలకరించే దిక్కుండదు, నీకూ నాకూ."

"న్యాయం తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు చూసుకుంటారు."

ఆయన గుడ్డ మడిచి చంకలో పెట్టుకున్నాడు. న్యాయం తెలిసినవారిలో కొండల మీద మిగిలినవారు ఆయన గడ వైపు చూశారు. అది ఖాళీగా ఉంది. పెద్దమనిషే ఊరుకున్నప్పుడు మనమెందుకు అనుకుని వారూ ఊరుకున్నారు. మధ్యాహ్నానికి పసుపు గుడ్డలు కొన్ని ఎగిరాయి, నల్లవి ఇంకా తక్కువ.

చాటింపువాడు గొంతు సవరించుకున్నాడు. "ఖాళీ గడలన్నీ నియమం ప్రకారం పసుపు పక్షమే. తూర్పుకొండ పెద్దాయన కూడా సమ్మతించారు. తన ప్రశ్న కనుక గుడ్డ కట్టని తప్పెటమ్మ కూడా సమ్మతించింది. గడ పీకివేయవలసినదనీ, ఆవిడ పిలిస్తే ఎవరూ పలకరాదనీ తీర్పు!"

లోయ అవతల ఒక నవ్వు వినిపించి ఆగిపోయింది.

మరునాడు పొద్దున్నే ఆవిడ పిలిచింది. "పెద్దాయనా! లేచావా?" ఆయన లేచే ఉన్నాడు. అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. తీర్పును మొదట తానే మీరితే తక్కినవారికి ఏం చెప్పగలడు? నోరు తెరవలేదు. ఆ తరువాతి ఉదయమూ అంతే. మూడోనాడు పిలుపు కొంచెం నెమ్మదిగా వచ్చింది. నాలుగోనాడు రాలేదు.

అప్పటినుంచి ఆ కొండల మీద వినబడేవి గాలీ, చాటింపువాడి గొంతూ మాత్రమే. పెద్దాయన తట్టుకోగలిగినన్నాళ్లు తట్టుకున్నాడు. చివరకు తప్పెటమ్మ గడను తిరిగి నాటాలని తానే ప్రశ్న పంపి, పక్షపాతం అన్నవారిని అననీ అనుకుని పసుపు గుడ్డ కట్టాడు. పోటీగా నల్ల గుడ్డలు లేస్తాయని ఎదురుచూశాడు. గాలికొండాయన ఊరుకోడని కూడా అనుకున్నాడు. ఏ గడకూ ఏ గుడ్డా ఎక్కలేదు.

"కొండలన్నీ ఏకగ్రీవంగా సమ్మతించాయి!" అని చాటింపువాడు ఆనందంతో చాటాడు.

పెద్దాయన వయసు మరిచి లోయ అంచుకు పరుగెత్తాడు. తప్పెటమ్మ నెత్తిన మూటతో మైదానం దారిలో సగం దిగిపోయి ఉంది.

"అమ్మా, ఆగు! అందరూ ఒప్పుకున్నారు. నిన్ను ఉండమంటున్నారు!"

ఆవిడ మూట పట్టుకుని వెనుదిరిగి చూసింది. "అందరూ అంటే ఎవరయ్యా? గాలికొండ పొయ్యి ఆరి ఎన్నాళ్లయిందో తెలుసా నీకు?"

"నియమం ప్రకారం అందరూనే."

"అయితే ఆ అందరితో హాయిగా ఉండు నాయనా," అంది. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. అలసట మాత్రమే ఉంది. చెట్ల మరుగున ఆవిడ తల కనబడకుండా పోయేవరకూ ఆయన అక్కడే నిలబడ్డాడు.

మరునాడు ఆయన ఒక ప్రశ్న పంపాడు. అటువంటి ప్రశ్న అంతకు ముందు ఎవరూ వేసి ఉండలేదు. "మనం ఇక్కడే ఉన్నామా?"

చాటింపువాడు ఆశ్చర్యపోయినా యథావిధిగా చాటాడు. పెద్దాయన రెండు గుడ్డలూ పట్టుకుని శిఖరం ఎక్కాడు. అబద్ధం చెప్పడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు. తానైతే ఉన్నాడు. అందుచేత పసుపు గుడ్డ కట్టాడు. కట్టి, ఏదో ఒక మూల ఒక్క నల్ల గుడ్డయినా లేవదా, కాదనే మనిషి ఒక్కరైనా కనబడరా అని నడిపొద్దు దాకా కళ్లార్పకుండా చూశాడు.

"ఉన్నాం! అందరం ఉన్నాం! ఒక్కరూ కాదనలేదు!" నడికొండ మీద చాటింపువాడి గొంతు సంతోషంతో బొంగురుపోయింది. "చూశారా పెద్దాయనా, ఎవ్వరూ ఎక్కడికీ పోలేదు!"

తీర్పు వెలువడ్డాక ప్రశ్న వేసినవాడు కొండలన్నిటికీ కృతజ్ఞత తెలపడం అక్కడి మర్యాద. పెద్దాయన చేతులు జోడించి, ఒక్కొక్క కొండ వైపే తిరిగి, తల వంచుతూ వచ్చాడు. ఒక్క కొండనూ విడిచిపెట్టలేదు.