అవసరం లేని నిచ్చెన

బ్యాంకు నుంచి రసూల్‌బీ నేరుగా దస్తగిరి తాత పరుపుల అంగడికి వచ్చింది. చెప్పులు విప్పి లోపల అడుగుపెట్టేసరికి ఆమె మొహం ఎర్రగా కందిపోయి ఉంది. ఎండకు కాదు.

బనగానపల్లెలో దస్తగిరి తాతను తెలియనివాళ్లు తక్కువ. వారమంతా దూది ఏకి పరుపులు కుడతాడు. గురువారం సాయంత్రం మాత్రం అదే అంగడి అరుగు మీద ఏక్‌తార పట్టుకుని తత్వాలు పాడతాడు. వినడానికి అన్ని వీధుల వాళ్లూ వస్తారు. రసూల్‌బీ ఆరేళ్ల కిందట ఒక్క తత్వం నేర్చుకుని పోదామని వచ్చింది. పోలేదు. ఆయన శిష్యురాలై ఉండిపోయింది. ముప్పై అయిదేళ్ల మనిషి. బట్టలు కుట్టి బతుకుతుంది. ఇంటి ముందు వసారాలో మూడు పాత తొక్కుడు మిషన్లు, ఆమెతో పాటు కుట్టే ఇద్దరు ఆడవాళ్లు.

"ఏమైందమ్మా?" అన్నాడు తాత.

"మంచిగా బతకడమే తప్పయిపోయింది తాతా నాకు."

తాత దూది కుప్పను పక్కకు జరిపి చోటు చూపించాడు. ఆమె కూర్చుంది.

ఊళ్లో మూడు బడుల వాళ్లు ఆ ఏటి యూనిఫారాలన్నీ ఆమెకే ఇస్తామన్నారు. నలభై రోజుల్లో కుట్టి ఇవ్వాలి. తొక్కుడు మిషన్లతో అయ్యే పని కాదు. కరెంటు మిషన్లు నాలుగైనా కావాలి. అందుకే లోను అడగడానికి పోయింది. బ్యాంకులో ప్రణతి అనే ఆఫీసరు, చిన్నపిల్లే, కంప్యూటరు చూసి నెమ్మదిగా చెప్పింది. "మీ పేరు మీద క్రెడిట్ స్కోరే రావడం లేదక్కా. మీరు ఎప్పుడూ ఎక్కడా అప్పు తీసుకోలేదు. తీసుకుంటే తిరిగి కడతారో లేదో మాకెట్లా తెలుస్తుంది?"

"మా వీధిలో ఫోన్లమ్మే శీనుకు బండి వాయిదాలు, ఫ్రిజ్జు వాయిదాలు. వాణ్ని పిలిచి లోను ఇచ్చినారంట తాతా! ఒకరి గడప తొక్కి పది రూపాయలు అడగనిదాన్ని, నాకు లేదంట!"

"ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అడగలేదా?"

"చిటికెడు ఉప్పు కూడా అడగలేదు."

ఆ గొంతులో ఏడుపు ఉంది. దాని వెనకాలే కొంచెం గర్వమూ ఉంది. తాతకు రెండూ వినిపించాయి.

"సరే. నాకిప్పుడు ఒక నిచ్చెన కావల్ల," అన్నాడు. "పైన బూజు దులపాల. ఎదురు సందులో యాడన్నా అడిగి తీసుకురా. నా పేరు మాత్రం చెప్పొద్దు. నీకోసమని అడుగు."

ఏడుస్తూ వచ్చిన మనిషికి ఈ పని ఏమిటో రసూల్‌బీకి అర్థం కాలేదు. కానీ గురువు చెప్పాడు. లేచి వెళ్లింది.

మొదటి ఇంట్లో నిచ్చెన గోడకు ఆనించి కనబడుతూనే ఉంది. ఇంటాయన మాత్రం, "ఇప్పుడే ఎవరో అడిగినారమ్మా," అన్నాడు. రెండో ఇంట్లో, "మావాడు వచ్చినాక అడుగు," అన్నారు. మూడో ఇంటి ఆమె గుమ్మంలోనే నిలబడి తేరిపార చూసింది.

"నువ్వు వెనక వీధిలో మిషను కుడతావు కదా?"

"అవునక్కా. ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉండాను."

"చూస్తాంటాను. తలొంచుకుని పోతాంటావు. మంచిదానివే అయ్యుంటావులే," అందామె. అని, తలుపు దగ్గరికి వేసింది.

రసూల్‌బీ ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. తాత పంచె దులుపుకుని తనే బయటికి వెళ్లాడు. అయిదు నిమిషాలు కాలేదు, తాత ముందు నడుస్తుంటే సున్నాలు వేసే మద్దిలేటి నిచ్చెనను తన భుజాన పెట్టుకుని వెనకాల వచ్చాడు.

"నువ్వెందుకు మోస్తాండావన్నా?" అంది రసూల్‌బీ.

"ఈ తాతకైతే రెండు నిచ్చెనలు కావాలన్నా మోసుకొస్తా," అని నవ్వాడు మద్దిలేటి. "నెలకోతూరి ఏదో ఒకటి తీసుకుంటాంటాడు. రేపిస్తానంటే ఈ పొద్దే తెస్తాడు. దానికంటిన సున్నం గూడా తుడిచి తెస్తాడమ్మా!"

మద్దిలేటి వెళ్లిపోయాక నిచ్చెనను లోపలి గదిలో పెట్టమన్నాడు తాత. రసూల్‌బీ ఆ గది తలుపు తోసింది. అక్కడే ఆగిపోయింది. గోడకు ఆనించి ఇంకో నిచ్చెన ఉంది. గట్టిది. కొత్తది.

"నీకు నిచ్చెన ఉండాది కదా తాతా! మరి ఆయన్నెందుకు అడుగుతావు?"

"నిజంగా అవసరం పడిన పొద్దు నేనెవరో అతనికి కొత్తగా చెప్పుకోలేను గదమ్మా," అన్నాడు తాత. దూది ఏకడం మొదలుపెట్టాడు.

ఆమె మద్దిలేటి నిచ్చెనను ఆ కొత్తదాని పక్కన ఆనించింది.

ఆ ఏడు మూడు బడుల్లో ఒక్క బడికే కుట్టగలిగింది. తక్కిన రెండింటి పని నంద్యాల వాళ్లకు పోయింది. బాధపడింది. కానీ నిచ్చెన సంగతి జరిగిన మర్నాడే మళ్లీ బ్యాంకు మెట్లెక్కింది. ఈసారి లోను అడగలేదు. "నేనెవరో మీకు తెలియాలంటే ఏం చెయ్యాల?" అని అడిగింది.

ప్రణతి కుర్చీ దగ్గరికి లాగింది. "పాతిక వేలు డిపాజిట్ వెయ్యండక్కా. దాని మీద ఇరవై వేల దాకా వాడుకునే క్రెడిట్ కార్డు ఇస్తాం. ఏడాది ఫీజు లేదు. డిపాజిట్ మీద వడ్డీ మీకే. కొంచెం వాడండి, బిల్లు వచ్చినప్పుడు మొత్తం కట్టెయ్యండి. అంతే."

ఆ కాగితం సంచిలో పెట్టుకుని బస్టాండు మీదుగా వస్తుంటే, అక్కడ గొడుగు వేసుకుని కూర్చున్న టై కట్టిన అబ్బాయి పిలిచాడు. అతని చేతిలోది బంగారు రంగు కార్డు. తీసుకుంటే సూట్‌కేసు ఉచితం. విమానాశ్రయాల్లో చల్లటి గదిలో కూర్చోబెట్టి భోజనం పెడతారు. ఏడాదికి ఫీజు మూడు వేలు. ఆ పక్కనే ఇంకో రెండు కంపెనీల అబ్బాయిలు కూడా తమ కాగితాలు చేతికిచ్చారు. రసూల్‌బీ నాలుగు కాగితాలూ పట్టుకుని తాత దగ్గరికి వచ్చింది.

"నాలుగింటికీ సంతకం పెడతా తాతా. నాలుగు దోవల్లో పోతే తొందరగా పేరొస్తుంది."

"ఆ పొద్దు నాలుగిళ్లలో ఒకేసారి నాలుగు నిచ్చెనలు అడిగుంటే?"

ఆమె ఆలోచించింది. నవ్వొచ్చింది. "ఏ గోడ దూకబోతాందో అనుకునేవాళ్లు."

తాత బంగారు రంగు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "విమానమెక్కుతావా అమ్మా?"

"అయ్యో, నేనెక్కడ తాతా!"

"మరి నెల నెలా ఏం కొంటావు?"

"దారం. బొత్తాలు. మిషను నూనె. కరెంటు బిల్లు."

"అయితే దారం కొనుక్కునే కార్డు తీసుకో," అన్నాడు తాత. ఆ మెరిసే కాగితాన్ని నాలుగు మడతలు చేసి, కుంటుతున్న స్టూలు కాలి కింద పెట్టాడు.

కార్డు వచ్చింది. రసూల్‌బీ దాంతో దారమూ బొత్తాలే కొన్నది. నెలకు మూడు వేలు దాటలేదు. కట్టాల్సిన తేదీని గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో మిషను చెక్క మీద రాసుకునేది. దానికి నాలుగు రోజుల ముందే మొత్తం కట్టి తుడిచేసేది. "మా అక్క కొత్త మొగుణ్ని చూసుకున్నట్టు చూసుకుంటాంది ఆ కార్డును," అని కుట్టే ఆడవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

ఆరో నెలలో కాలు జారింది. నంద్యాలలో గుడ్డ చవగ్గా దొరికిందని ఒక్కసారే పద్దెనిమిది వేలకు కార్డు గీకింది. బిల్లు చూసి ముందు భయపడింది. కింద ఇంకో అంకె చూశాక పండగయింది. ఆ గురువారం తత్వాలు మొదలుకాక ముందే తాత దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"తాతా! పద్దెనిమిది వేలకు తొమ్మిది వందలు కడితే చాలంట! మినిమం అంట. కట్టేసినా!"

"తక్కిన డబ్బు లేదా?"

"ఉండాది. ఫ్రిజ్జు కొందామని డబ్బాలో దాచినా."

తాత కొత్త పరుపు గలీబు ఒకటి తీశాడు. మనిషి పొడుగుది, పూల గుడ్డది. దూది కుప్పలోంచి ఒక్క గుప్పెడు తీసి అందులో వేశాడు. సూది తీసుకుని మూతి శ్రద్ధగా కుట్టాడు. తత్వాలకు వచ్చిన వాళ్లంతా ఏం జరుగుతుందా అని చూస్తున్నారు. పరుపును అరుగు మీద పరిచి, చేత్తో సాపు చేసి, "కూర్చో అమ్మా," అన్నాడు.

రసూల్‌బీ కూర్చుంది.

"మెత్తగా ఉండాదా?"

"బండ తగుల్తాంది తాతా."

"ఎందుకు తగుల్తాది? దూది వేసినా గదా."

"గుప్పెడే కదా వేసినావు!"

"మినిమం," అన్నాడు తాత.

అరుగంతా ఘొల్లుమంది. అందరికంటే మద్దిలేటి గట్టిగా నవ్వాడు. రసూల్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని లేచింది. గడువుకు ఇంకా రెండు రోజులున్నాయి. తెల్లారగానే డబ్బాలోని డబ్బు బ్యాంకులో వేసి, వడ్డీ పడకముందే బాకీ మొత్తం కట్టేసింది. ఇక వచ్చే వేసవికి ఫ్రిజ్జు లేనట్టే.

ఆ తరువాత కొన్ని నెలల పాటు చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు. నెల నెలా అదే దారం, అదే సుద్ద గీత. కుట్టే ఆడవాళ్లకు ఎగతాళి చేసి చేసి విసుగొచ్చింది.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. మూడు బడుల వాళ్లూ మళ్లీ అడిగారు. రసూల్‌బీ బ్యాంకులో ప్రణతి ముందు కూర్చుంది. ప్రణతి ఏవో మీటలు నొక్కి, తెరను ఆమె వైపు తిప్పింది.

"ఏడువందల యాభై ఎనిమిది అక్కా!"

"అది మంచిదేనా?"

"నాదే అంత లేదు!" అంది ప్రణతి.

లోను పది రోజుల్లో వచ్చింది. నాలుగు కొత్త మిషన్లు ట్రాలీ ఆటోలో వచ్చిన రోజు వీధంతా వసారా ముందే ఉంది. మద్దిలేటి అడగకుండానే వచ్చి దింపాడు. అప్పుడు తలుపేసిన ఎదురు సందు ఆమె బెల్లం పానకం చేసి తెచ్చింది. ఏడుగురు ఆడవాళ్లు పనికి చేరారు. నాలుగు మిషన్లూ ఒకేసారి మోగుతుంటే తాత ఆ వసారా అంచున కూర్చుని చెవొగ్గి విన్నాడు.

"నా ఏక్‌తారకు ఒక్క తీగే. నీవి నాలుగూ శ్రుతిలో ఉండాయమ్మా," అన్నాడు.

బడులు తెరవడానికి నాలుగు రోజుల ముందే చివరి యూనిఫారం ఇస్త్రీ అయింది.

అది జరిగిన వారానికి, మిట్టమధ్యాహ్నం వేళ రసూల్‌బీ ఫోను చేతిలో పట్టుకుని అంగడిలోకి దూసుకొచ్చింది. గొంతు ఎండిపోయి ఉంది, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"తాతా! ఇంకో కార్డు ఇస్తారంట! డిపాజిట్ లేకుండానే! లక్షన్నర దాకా వాడుకోవచ్చంట! నేను అడగను గూడా లేదు!"

"ముందు నీళ్లు తాగు," అన్నాడు తాత.

మూల ఇసుకలో ఉన్న కుండను రెండు చేతులా ఎత్తి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నిండు కుండ. పక్కన చెంబు పెట్టాడు. రసూల్‌బీ ముంచుకుని గటగటా తాగింది. ఇంకో సగం చెంబు తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని చెంబు కింద పెట్టింది.

"చాలా?"

"చాలు తాతా."

"కుండలో ఇంకా శానా ఉండాయి గదా."

రసూల్‌బీ కుండ వంక చూసింది. చేతిలోని ఫోను వంక చూసింది. మళ్లీ కుండ వంక చూసి ఒక్కసారిగా నవ్వింది. పక్క అంగడి కోమట్ల శెట్టి తల బయటికి పెట్టి చూసేంత గట్టిగా నవ్వింది.

ఫోను సంచిలో వేసుకుంది. కుండ మీద మూత పెట్టింది. దూది కుప్ప పక్కన తన చోట కూర్చుంది.

"గురువారం ఏ తత్వం చెప్తావు తాతా?"

"ఇప్పుడే చెప్తి గదమ్మా," అన్నాడు తాత, దూది అందుకుంటూ.