పోలయ్య వంకాయలు, నాగలింగం కంపు

టౌను మురుగంతా శుభ్రం చేసే ప్లాంటుకి ఇవతల, కాలవ గట్టున జంతువుల మడులున్నాయి. గట్ల తగాదాలు మనకేనా, వాళ్ళకీ ఉన్నాయి లెండి! అయినా కార్తీకమాసం వస్తే ఉసిరిచెట్టు కింద అందరూ ఒకే పంక్తిలో కూర్చుంటారు. ఎవరి మడిలో కాసినవి వాళ్ళు తెస్తే, అన్నీ కలిపి ఒకే గుండిగలో పులుసు కాస్తారు. ఎవరి కూర గుండిగలో పడలేదో వాళ్ళ మడి వేరేవాళ్ళకి పోతుంది. అదీ కట్టుబాటు.

ఎద్దు పోలయ్య మడిలో సత్తువంతా పోయింది. వంగమొక్క జానెడు లేచి తల వేలాడేసేది. పక్క మడి నక్క నాగలింగానిది. వాడి కన్నంతా పోలయ్య మడి మీదే.

పోలయ్య దిగులు చూడలేక, ప్లాంటులో బరువులు మోసే గాడిద సాంబడు అక్కణ్ణుంచి నల్లటి ఎరువు మోసుకొచ్చాడు.

"ఏంట్రా సాంబా ఇది?"

"మురుగులో అడుక్కి దిగిన మడ్డి మావా."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! తినే కూరలకి అదా వేసేది?"

"పచ్చిది కాదు మావా. మూసిన తొట్లలో మాగబెట్టి, ఎండబెట్టి, రోగాలు పుట్టించే పురుగు చచ్చేలా కాగబెడతారు. విషాలున్నాయేమో పరీక్ష కూడా చేసి, బాగుంటేనే ఇస్తారు. ఏదీ, వాసన చూడు."

పోలయ్య గట్టిగా పీల్చాడు. వాన పడ్డ మట్టి వాసన. "నా పేడ కంటే ఇదే నయంరా!" అని పకపకా నవ్వాడు.

ఇంకేముంది, వంగతోట విరగకాసింది. నాగలింగానికి కడుపు మండిపోయింది. తిన్నగా పెద్దదిక్కైన గేదె గౌరమ్మ దగ్గరికి పోయాడు.

"విన్నావా అత్తా ఘోరం! పోలయ్య మనచేత మురుగు తినిపిస్తాడట. నీ దూడకేమన్నా అయితే?"

దూడ మాటెత్తేసరికి గౌరమ్మ హడలిపోయింది. "ఏం చేద్దాంరా లింగం?"

"మురుగు కంపు కొట్టేవాడు పంక్తిలో కూర్చోకూడదని చెప్పెయ్. వాడి కూర గుండిగలో పడకూడదు."

"సరే. ఆ మడ్డికి పరీక్ష చేశారో లేదో సాంబడిని అడుగుతా. వాసన మాత్రం నా ముక్కుతో నేనే చూస్తా."

వనభోజనం రోజు పొద్దున్నే నాగలింగం పోలయ్య బుట్టలో మూతి పెట్టి చూశాడు. కంపు లేదు సరికదా, లేత వంకాయల వాసనకి నోరూరింది! "లేకపోతే మనమే తెచ్చి పూద్దాం" అనుకుని ప్లాంటుకి పరిగెత్తాడు.

అక్కడ మొన్న తోడిపోసిన పచ్చి మడ్డి ఎండకి ఆరుతోంది. పైపైన నెర్రెలు కట్టి గట్టినేలలా ఉంది.

"లింగం బావా, కాలు పెట్టకు! లోపలింకా ఆరలేదు!" అని సాంబడు అరిచాడు.

"నువ్వా నాకు చెప్పేది, గాడిదా!" అంటూ నాగలింగం ఒక్క గెంతు గెంతాడు. బుడుంగున మెడదాకా దిగిపోయాడు! సాంబడే తోక అందించి బయటికి లాగాడు.

నాగలింగం కాలవలో మూడు మునకలు వేసి, ఏమీ ఎరగనట్టు సొరకాయల బుట్టతో వచ్చి పంక్తిలో కూర్చున్నాడు. అంతే, అందరూ ముక్కులు మూసుకున్నారు.

"ఛీ ఛీ, ఎక్కడిదీ కంపు!" అని కోళ్ళు గోల పెట్టాయి. అందరి చూపూ పోలయ్య మీద పడింది. మడి పోయినట్టేనని పాపం వాడు బుట్టని వెనక్కి లాక్కున్నాడు.

పరీక్ష సంగతి సాంబడి దగ్గర ముందే రూఢి చేసుకున్న గౌరమ్మ వంకాయలు వాసన చూసింది. కంపు ఇక్కడిది కాదని తల అడ్డంగా ఊపింది. ముక్కు ఎగబీలుస్తూ పంక్తి వెంట నడిచి నాగలింగం ముందు ఆగింది.

"నువ్వట్రా సచ్చినోడా!"

"అత్తా, అదీ... కాలు జారి..."

"కంపు కొట్టేవాడు పంక్తిలో ఉండకూడదన్నదెవర్రా? లే! నీ సొరకాయలూ తీసుకుపో!"

వంకాయలు గుండిగలో పడ్డాయి. సొరకాయలు పడలేదు. నాగలింగం మడి ఎవరికని అడిగితే పోలయ్య, "నాకు నా మడి చాలు. సెంటు భూమి లేని సాంబడికివ్వండి" అన్నాడు. అందరూ హాయిగా ఒప్పుకున్నారు.

నాగలింగం గాలివాటానికి అవతల కూర్చుని కుమిలిపోయాడు. జాలేసి పోలయ్య ఓ దొప్పలో పులుసు పంపాడు. కాసేపటికి అటునుంచి సన్నగా కేక వినిపించింది.

"పోలయ్య మావా! ఇంకో రెండు వంకాయ ముక్కలు వెయ్యవూ!"

నీతి: పక్కవాడికి కంపు అంటించాలని బయల్దేరినవాడికే ముందు ఒళ్ళంతా అంటుకుంటుంది.