గిన్నెల మీద పేర్లు

జలతరంగం వాయించే సౌభాగ్యమ్మగారిని పెద్ద శిష్యుడు మార్కండేయులు ఒకనాడు అడిగాడు: "అమ్మా, మధ్యాహ్నం పూట ఆ ఆడవాళ్ళకు పాఠాలెందుకు? పొద్దస్తమానం వంటింట్లో ఉండే చెవులకు శ్రుతి పట్టుబడుతుందా?" అడుగుతున్నది ఒక ఆడమనిషినే అన్న సంగతి అతనికి తట్టనే లేదు.

ఆవిడ వాదించలేదు. "శుక్రవారం సభలో నా బదులు నిన్ను కూర్చోబెడదామనుకుంటున్నాను. రేపు మీ ఇంటి గిన్నెలు ఏడు తెచ్చి స్వరాలు పలికించు. పలికితే సభ నీదే" అంది.

మర్నాడు అతను ఏడు స్టీలు గిన్నెలు వరసగా పెట్టాడు. ఒక్కోదాని లోపల సన్నని నల్ల గీత ఉంది. గీతదాకా నీళ్ళు పోసి పుల్లతో తట్టాడు. సరిగమపదని వెంట్రుకవాసి తప్పలేదు. మిగతా శిష్యులు చప్పట్లు కొట్టారు.

సౌభాగ్యమ్మగారు ఒక గీతను వేలితో తుడిచి, వేలు చూసుకుంది.

"కాటుక ఎప్పటినుంచి పెట్టుకుంటున్నావు నాయనా?"

చప్పట్లు ఆగిపోయాయి. ఆవిడ ఏడు గిన్నెలూ వంపేసి, గీతలన్నీ తువ్వాలుతో తుడిచేసింది. "ఇప్పుడు నీళ్ళు పొయ్యి."

అతను పోశాడు, తీశాడు, మళ్ళీ పోశాడు. గాంధారం మూలిగింది, నిషాదం కీచుమంది.

"మా ఆవిడ చేసిందమ్మా" అన్నాడు చివరికి. "నిన్న సాయంత్రం నేను తంటాలు పడుతుంటే, అంట్లు తోముకుంటూ, తల తిప్పకుండానే చెప్పింది. 'అది మామయ్యగారి గిన్నె కాదూ? మీరు రోజూ వాయించే మధ్యమం బావగారి గిన్నెలో ఉందండీ. ఆరేళ్ళుగా తోముతున్నాను, ఏది ఏమంటుందో నాకు తెలీదా?' అంది. తనే వచ్చి నీళ్ళు పోసి గీతలు గీసింది. అది వింటోందనే నేను అనుకోలేదు."

సౌభాగ్యమ్మగారు గిన్నెలు ఒక్కొక్కటే తిప్పి, అంచుల మీద చుక్కలతో చెక్కిన పేర్లు పైకి చదివింది. అతని తాత, తండ్రి, పెదనాన్న, బాబాయి, అన్న, తమ్ముడు. ఏడోది అతనిది.

"వీటిలో ఆ అమ్మాయి పేరేది?"

మార్కండేయులు ఏడు గిన్నెలూ మళ్ళీ తిప్పి చూశాడు, కొత్తగా దొరుకుతుందేమోనన్నట్టు.

"శుక్రవారం ఈ గిన్నెలు జాగ్రత్తగా తీసుకురా నాయనా" అంది సౌభాగ్యమ్మగారు. "సభ ఆ అమ్మాయిది, మోత నీ వంతు."