చెవికి తెలియని మాట

గని అంచున ఒక చెక్క చెవి ఉండేది. అడుగు నుంచి కేకేస్తే విని, చక్రం తిప్పి, తాడు లాగేది. దానికి తెలిసిన మాటలు ఐదే: పైకి, కిందికి, ఆగు, మెల్లగా, బారెడు. వీటితో పాటు ఇంకే మాట వినబడినా చక్రం కదిపేది కాదు. "అర్థం కాలేదు" అని ఊరుకునేది.

చెవి ఎవరి సొత్తూ కాదు. గనిలో పనిచేసే ఎవరైనా పలక మీద కొత్త పద్ధతి చెక్కి దానికి తొడగవచ్చు. అయితే చెక్కినవారు కాక మరొకరు ఆ పలకను పరీక్షించి, కింద తమ గుర్తు వేయాలి. చాలాకాలంగా ఆ పని ఒకామె చేస్తోంది.

ఒకనాడు ఒక యువకుడు పలక తెచ్చాడు. ముందురోజు అతని అన్న గంపలో పైకి వస్తూ, తాడు సర్దుకోవడానికి సగం దారిలో ఆగమన్నాడు. తర్వాత "పైకి తల్లీ!" అని అరిచాడు. చెవి అర్థం కాలేదంది. భయం పెరిగేకొద్దీ అతను ఇంకా బతిమాలాడు. బతిమాలేకొద్దీ చెవి అదే మాట చెప్పింది. ఎండ దిగేదాకా అతను అక్కడే వేలాడాడు.

పలక మీద ఇలా ఉంది: "తెలియని మాటను వదిలెయ్యి. తెలిసినంత చెయ్యి."

"చిన్న మార్పే అక్కా," అన్నాడు యువకుడు. "లెక్క కట్టాను. చెవి పదిసార్లు ఆగితే తొమ్మిదిసార్లు తల్లీ, బాబూ, స్వామీ అన్నందుకే ఆగుతోంది."

"పదోసారి?"

"ఏదో మాట. ఒక్కసారే కదా."

"ఏం మాట?"

అతనికి గుర్తు లేదు. ఆమె పలకను పక్కన పెట్టింది.

రెండో జట్టు దిగే వేళయింది. అంచు చుట్టూ జనం చేరారు. "ఒక గీత గీయడానికి ఇంతసేపా?" అన్నారెవరో. అరిచి అరిచి గొంతు పోయిన అన్న ముందుకొచ్చాడు.

"నీడలో కూర్చుని పలకలు తిప్పి చూడ్డం తేలికేనమ్మా. ఒక్కసారి కిందికి దిగి అరిచి చూడు."

"అలాగే," అందామె. కొంగు నడుముకి బిగించింది. "ఈ పలక తొడుగు తమ్ముడూ. గుర్తు వేయను, ఊరికే చూద్దాం. చక్రాన్ని ఆపే చీల దగ్గర నువ్వే నిలబడు. ఇంకెవరికీ ఇవ్వకు."

గంప ఆమెను అడుగున దించింది. అక్కడ ఉన్నవాళ్ళను సొరంగంలోకి పొమ్మంది. గంప విప్పి, ఆ తాడును ఒక పెద్ద బండకు కట్టింది. బండ కొంచెం లేస్తే దాని కిందికి దుంగ తోస్తారు. రోజూ జరిగే పనే. దుంగ పట్టుకుని బండ పక్కన వంగింది. కొండ అవతలి నుంచి వచ్చిన కొత్తవాళ్ళు ఎలా అడుగుతారో అలాగే అడిగింది.

"పైకి తల్లీ, మూరెడు!"

చెవి రెండు మాటలు వదిలేసింది. చక్రం తిరిగింది.

అంచు మీద ఈలలు, చప్పట్లు. "చూశావా, ఎంత బుద్ధిగా వింటోందో!" అని అన్న తమ్ముడి వీపు చరిచాడు. తమ్ముడు తాడునే చూస్తున్నాడు. మూరెడు తాడు చుట్టుకుంది. రెండు మూరలు. మూడు. చక్రం ఆగలేదు. లోపల బండ గోడకు రాసుకున్న చప్పుడైంది. పదోసారి చెవి ఆగింది ఏ మాటకో అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

అతను చీల మీద కాలితో తన్నాడు. చీల దిగలేదు. ఇంకోసారి తన్నాడు. చక్రం కీచుమంటూ నిలిచిపోయింది.

చప్పట్లు ఆగిపోయాయి. అడుగు నుంచి ఏ చప్పుడూ లేదు.

"అక్కా!"

కాసేపటికి దగ్గు వినిపించింది. తర్వాత గొంతు. "ఆపింది చెవా, నువ్వా?"

"నేనే."

"రేపు ఉంటావా ఇక్కడ?"

అతను చీల మీదున్న తన కాలు చూసుకున్నాడు.

"ఎల్లుండి?"

తర్వాత ఆమె "కిందికి, మెల్లగా" అంది. అతను చీల లాగాడు. చెవి బండను దించింది. ఆమె పైకి వచ్చినప్పుడు జుట్టు నిండా రాతిపొడి, భుజం మీద కమిలిన గాయం. పలక ఆమె అడగకముందే అతను ఊడదీశాడు.

"అయితే ఏంటి, నన్ను మళ్ళీ వేలాడదీస్తారా?" అన్నాడు అన్న. కోపంగా అనలేదు, బెదిరిపోయి అన్నాడు.

యువకుడు పలకను తిరగేసి, నేల మీద కూర్చుని ఉలి పట్టాడు. రెండో జట్టు ఎదురుచూసింది. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు. అతను లేచేసరికి పలక మీద కొత్త వాక్యం ఉంది: "తెలియని మాట వింటే ఆగు. ఆ మాటేదో చెప్పు."

ఆమె చదివింది. ఉలి అందుకుంది గానీ గుర్తు వేయలేదు. "ఎవరు దిగుతారు?" అంది.

"నేనే దిగుతాను," అన్నాడు అన్న. "అరవడం బాగా అలవాటయింది."

యువకుడు పలక తొడిగాడు. గంప దిగింది. సగం దారిలో ఆగమని, కిందటిసారి లాగే అరిచాడు. "పైకి తల్లీ!"

"తల్లీ అనే మాట నాకు తెలియదు," అంది చెవి.

గంపలోంచి గని గోడలన్నీ మోగేలా నవ్వు. "ఓసి నీ చెక్క మొహం! అదా నీ గొడవ? ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

చెవి ఆ మాటలన్నీ ఒక్కొక్కటిగా తెలియవని చెప్పింది. అంచు మీద అందరూ పడీపడీ నవ్వారు.

"పైకి!" అన్నాడు అన్న.

చక్రం తిరిగింది. జనం గంప కోసం లోపలికి తొంగిచూశారు. ఆమె మాత్రం యువకుడి వైపు చూసింది. అతనూ నవ్వుతున్నాడు. కానీ కళ్ళు తాడు మీద ఉన్నాయి, కాలు ఇంకా చీల మీదే ఉంది.

ఆమె పలక కింద గుర్తు వేసింది.