ఎడమవైపు పౌరుషం

మల్లభూపతి మహారాజుకి సెగగడ్డలు లేచాయి. ఎడమవైపొకటి, కుడివైపొకటి. ఎక్కడ లేచాయో చెప్పడం మర్యాద కాదు గానీ, సింహాసనం మీద కూర్చోలేకపోయారని చెబితే చాలు.

రాజు నిలబడి ఉండగా ఎవరూ కూర్చోకూడదన్నది ఆ కొలువు ఆచారం. దాంతో సభంతా నిలబడింది. ముసలి మంత్రులు మోకాళ్లు పట్టుకుని మూలిగారు.

"ఎవరో ఒకరు వీటిని కోసి పారెయ్యండయ్యా!" అన్నారు రాజుగారు.

ఆస్థాన శస్త్రవైద్యులు శరభభట్టుగారు గొంతు సవరించుకునేలోపే వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఒక గడ్డ నాకివ్వండి ప్రభూ. నేను కోస్తాను."

ఆమె నాచమ్మ. భట్టుగారి శస్త్రశాలలో ఏళ్ల తరబడి విద్య నేర్చుకుంటున్న శిష్యురాలు. తన తర్వాత చేరిన కుర్రాళ్లందరికీ గురువుగారు కత్తి ఇచ్చారు. ఆమెకి మాత్రం దీపం ఇచ్చారు. వాళ్లు కోస్తుంటే వెలుతురు చూపించడం ఆమె పని. నాకూ కత్తి ఇవ్వమని అడిగినందుకు ఆ ఉదయమే శాలలోంచి పొమ్మన్నారు కూడా.

భట్టుగారు జాలిగా నవ్వారు.

"ప్రభూ, దీపం పట్టడం తక్కువ పనా? శస్త్రశాలలో అంతకంటే గౌరవమైన పని లేదు. ఆడవాళ్లకి నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. చేతులు వణుకుతాయి. పైగా రేపు పిల్లలు పుడితే నేర్పిన విద్యంతా గంగపాలే కదా!"

పాపం, నిజమే. ఆ రాజ్యంలో భట్టుగారితో సహా ప్రతివాడి బొడ్డూ కోసింది ఆడవాళ్లే. ఆ చేతులు మాత్రం ఎందుకు వణకలేదో ఏ వైద్యగ్రంథమూ చెప్పలేదు.

రాజుగారి పక్కన తాంబూలం పెట్టె పట్టుకునే కుప్పసాని, ఆకుకి సున్నం రాస్తూ అడిగింది.

"భట్టుగారూ, తమకి పిల్లలెంతమంది?"

"తొమ్మండుగురు!" అన్నారు ఆయన గర్వంగా.

"అయ్యో! మరి తమ విద్యంతా గంగపాలు కాలేదా?"

సభ కిసుక్కుమంది. భట్టుగారి ముఖం ఎర్రబడింది. "అది వేరు!" అన్నారు. ఎలా వేరో చెప్పలేదు. "ఈ మాటలన్నీ ఎందుకు ప్రభూ? మగవాడి కోత ఏదో, ఆడదాని కోత ఏదో ఆమడ దూరం నుంచి చూసి చెప్పగలను!"

కుప్పసాని ఆ మాటని కింద పడనివ్వలేదు.

"అయితే పందెం. ఒక గడ్డ మీకు నచ్చిన శిష్యుడి వంతు, రెండోది నాచమ్మ వంతు. మీరు బయటుండండి. తర్వాత వచ్చి ఏది ఎవరి కోతో చెప్పండి. సరిగ్గా చెబితే నాచమ్మ మళ్లీ మీ గడప తొక్కదు. తప్పితే ఆమెకి కత్తి ఇవ్వాలి."

నాచమ్మకి ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా తనవైపు సరిగ్గా చూడనైనా చూడని కళ్లు ఇప్పుడు తన బతుకు తేల్చాలట! అయినా తలూపింది. పోగొట్టుకోవడానికి దీపం తప్ప ఏముంది గనక?

"నా మేనల్లుడు భీమభట్టు కోస్తాడు!" అన్నారు గురువుగారు. "వాడిది సింహం గుండె!"

భీమభట్టు మీసం మెలేశాడు.

భీమభట్టు, నాచమ్మ, కుప్పసాని ముగ్గురూ రాజుగారి వెంట పడకగదిలోకి వెళ్లారు. తలుపులు మూసుకున్నాయి. కాసేపటికి లోపల దబ్బుమని ఏదో పడింది. పీట పడి ఉంటుందిలే అనుకున్నారు బయటున్న భట్టుగారు. తర్వాత "అమ్మా!" అని రాజుగారి కేక. కాసేపాగి ఇంకో కేక.

తలుపులు తెరిచారు. రాజుగారు బోర్లా పడుకుని దిండులో ముఖం దాచుకున్నారు. రాజు పడుకున్నప్పుడు కూర్చోకూడదని ఏ ఆచారమూ లేదు గనక, మంత్రులందరూ లోపలికొచ్చి హాయిగా చతికిలబడ్డారు.

"ముఖాలు చూస్తే మీకు తెలిసిపోతుందని ఇద్దర్నీ పక్క గదిలో ఉంచాను" అంది కుప్పసాని. "ఇక చెప్పండి."

భట్టుగారు చేతులు వెనక్కి కట్టుకుని వంగారు.

"ఆహా! ఈ ఎడమవైపుది చూడండి. ఏం తెగువ! కత్తి ఒక్క వేటున దిగింది. పౌరుషం ఉట్టిపడుతోంది. ఇది మా భీముడిదే!" కుడివైపు తిరిగి ముక్కు చిట్లించారు. "ఇదీ ఆడకోతంటే. అడుగడుగునా బెదురు. బెండకాయ తరిగినట్టుంది. నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను!"

రాజుగారి భుజాలు కదిలాయి. నొప్పి కాబోలు అనుకున్నారు మంత్రులు.

"మాట మార్చరు కదా?" అంది కుప్పసాని.

"శరభభట్టు మాట మార్చడమా!"

కుప్పసాని పక్క గది తలుపు తోసింది. అక్కడ భీమభట్టు నేలమీద వెల్లకిలా పడి ఉన్నాడు, మీసంతో సహా. నాచమ్మ అతని ముఖం మీద నీళ్లు చల్లుతోంది.

"గడ్డ చూడగానే మీ సింహం కళ్లు తేలేసింది" అంది కుప్పసాని. "నెత్తురు చూసి కాదండోయ్, అప్పటికింకా కత్తే పైకి తియ్యలేదు. రెండూ నాచమ్మే కోసింది. అదే చేత్తో, అదే కత్తితో."

భట్టుగారు గబగబా మళ్లీ ఎడమవైపుకి వంగారు.

"ఆగండాగండి... దగ్గరగా చూస్తుంటే ఇందులో కూడా కాస్త బెదురు..."

కుప్పసాని బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యయ్యో, కదలకండి ప్రభూ! నాచమ్మ పేరు వినగానే తమ ఎడమవైపు పౌరుషమంతా కారిపోతోంది!"

అప్పటిదాకా దిండు కొరుకుతున్న రాజుగారు పగలబడి నవ్వారు. నవ్వితే కోతలు సలిపాయి. "అబ్బా!" అన్నారు, మళ్లీ నవ్వారు. మంత్రులు నేలమీద దొర్లారు.

"నాచమ్మకి కత్తి!" అన్నారు రాజుగారు కళ్లు తుడుచుకుంటూ. "కుప్పసానికి నా ముత్యాలహారం! ఇక భట్టుగారికి... శస్త్రశాలలో అన్నిటికంటే గౌరవమైన పని!"

నాచమ్మ మూలనున్న దీపం తెచ్చి గురువుగారి చేతిలో పెట్టింది.

"కట్టు కట్టాలి, కాస్త ఎత్తి పట్టండి గురువుగారూ. చెయ్యి వణకనివ్వకండి."